తీర పర్యావరణ పథకాలు: చేప పెరిగింది సరే, దాన్ని పట్టేది ఎవరు?

వలకన్ను

తీరంలో అమలయ్యే పర్యావరణ పథకాల నివేదికలు చాలా చదివాను. ఎన్ని హెక్టార్లలో మడ మొక్కలు నాటారు, ఎంత సముద్రాన్ని రక్షిత ప్రాంతం చేశారు, చేపల రాశి (మొత్తం బరువు) ఎంత శాతం పెరిగింది, అన్నీ ఉంటాయి. నిన్నటిదాకా ఆ నీళ్లలో వల వేసిన మనిషి ఇవాళ ఏం చేస్తున్నాడన్నది మాత్రం చివర్లో ‘జీవనోపాధి’ అనే శీర్షిక కింద రెండు పేరాల్లో ముగిసిపోతుంది. 2030 నాటికి భూమిలోనూ సముద్రంలోనూ 30 శాతాన్ని రక్షణ కిందికి తేవాలని 2022లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. కాబట్టి ఇలాంటి పథకాలు ఇకపై పెరుగుతాయే గాని తగ్గవు.

మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖ సంగతి చూడండి. దాని ముఖద్వారం దగ్గర కాబో పుల్మో అనే చిన్న పల్లె ఉంది. అక్కడి మత్స్యకార కుటుంబాలు కూడా పట్టుబట్టడంతో 1995లో 71 చదరపు కిలోమీటర్ల సముద్ర జాతీయ పార్కు ఏర్పడింది. 1999 నుంచి 2009 వరకు పదేళ్లలో చేపల రాశి 463 శాతం పెరిగిందని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. ఒకప్పుడు చేపలు పట్టిన కుటుంబాలే ఇప్పుడు పర్యాటకులను పడవల్లో తిప్పుతూ, సముద్రం అడుగు చూపిస్తూ బతుకుతున్నాయి.

అదే సింధుశాఖ ఉత్తరపు కొసకు వెళ్తే కథ తిరగబడుతుంది. వాకీటా అనే చిన్న సముద్ర క్షీరదం గిల్‌నెట్లలో (నీళ్లలో గోడలా నిలబెట్టే వలల్లో) చిక్కుకుని చచ్చిపోతోందని 2015లో ఆ వలలను తాత్కాలికంగా, 2017లో శాశ్వతంగా నిషేధించారు. పరిహారంలో పెద్ద భాగం పర్మిట్లు ఉన్నవాళ్లకు వెళ్లింది. వాళ్ల పడవల్లో కూలికి వెళ్లినవాళ్లకు చేరింది తక్కువ. 2018 చివరికల్లా ఆ పరిహారమూ ఆగింది. చైనాలో గాలితిత్తికి గొప్ప ధర పలికే తొతోవాబా చేప కోసం రాత్రిపూట దొంగ వలలు పడుతూనే ఉన్నాయి. వాకీటాలు ఇప్పుడు పదికి అటూ ఇటూగా మిగిలాయి.

ఒకే సింధుశాఖలో ఒకటి నిలబడింది, ఇంకొకటి కూలింది. మీకు తెలిసిన చోట్ల ఏం జరిగిందో చెప్పండి. నినాదాలు వద్దు, జరిగినవి కావాలి.

మడచెట్టు

సగం జవాబు జీవశాస్త్రంలోనే దొరుకుతుంది. మడగాస్కర్ నైరుతి తీరంలో అందవదోక అనే ఊరు ఉంది. 2004లో ఆ ఊరివాళ్లు తమ పగడపు దిబ్బల్లో ఒక ముక్కను ఆక్టోపస్ వేటకు కొన్ని నెలల పాటు మూసేశారు. ఆక్టోపస్ బతికేదే ఏడాది, ఏడాదిన్నర. ఆ కొద్దికాలంలో విపరీతమైన వేగంతో బరువు పెరుగుతుంది. రెండు మూడు నెలలు వదిలేస్తే తేడా కంటికి కనిపిస్తుంది. మళ్లీ తెరిచిన రోజు ఊరంతా దిగి పట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్లకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. వాళ్లూ చూసి మొదలుపెట్టారు. 2006 నాటికి అవన్నీ కలిసి వెలొంద్రియకే అనే స్థానిక నిర్వహణ ప్రాంతంగా ఏర్పడ్డాయి.

ఇక్కడ త్యాగం చేసిందీ, ఫలితం తిన్నదీ ఒకరే. మధ్యలో గడిచింది కొన్ని నెలలు. వాకీటా విషయంలో త్యాగం ఈ తరం చేయాలి. ఆ జంతువు రెండేళ్లకు ఒక పిల్లను కంటుందని అంచనా. ఫలితం ఎప్పుడు వస్తుందో, అది వల వేసేవాడికి ఏం ఇస్తుందో ఎవరూ చెప్పలేరు. రెండింటినీ ‘సంరక్షణ’ అని ఒకే గాటన కట్టి, ఒకచోట నెగ్గిన పద్ధతిని మరోచోట రుద్దితే నెగ్గదు. మెల్లగా పెరిగే పెద్ద చేపలకైతే పదేళ్లు మూసినా చాలకపోవచ్చు. ఆ పదేళ్లు ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్న అప్పుడు పథకంలో అనుబంధంగా ఉంటే సరిపోదు. పథకం అక్కడి నుంచే మొదలవ్వాలి.

సుడిగాలి

అందరూ నిషేధాన్ని తిడతారు. నిషేధించకపోతే ఏమవుతుందో కెనడా చూపించింది. న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప కుప్పకూలాక 1992 జులైలో వేట ఆపేశారు. 30 వేల మందికి పైగా ఉపాధి పోయింది. రెండేళ్లే అన్నారు. ఎత్తేసింది 2024లో! పదేళ్ల ముందు చేదు మందు మింగి ఉంటే ఇంత జరిగేదా? పరిహారం, సంప్రదింపులు, కమిటీలు అంటూ కూర్చుంటే కాపాడటానికి చేప మిగలదు.

లెక్కల పుస్తకం

సుడిగాలి గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతుంది. కాడ్ తగ్గుతోందని ముందుగా చెప్పింది ఒడ్డుకు దగ్గరలో చిన్న పడవల్లో వేటాడేవాళ్లు. 1980లలోనే వాళ్ల వలల్లో చేప తగ్గింది, చిన్నదైంది. ప్రభుత్వ అంచనాలు పెద్ద ట్రాలర్ల (భారీ వలను లాగుతూ పట్టే మరపడవల) లెక్కల మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. ట్రాలర్లేమో మిగిలిన చేప గుమిగూడిన చోటుకే వెతుక్కుంటూ వెళ్లి పట్టేవి కాబట్టి వాటి లెక్కలో తరుగు కనిపించలేదు. సంప్రదింపులు ఎక్కువై చేప పోలేదు. అడగవలసిన వాళ్లను అడగక పోయింది.

పరిహారం గురించి కూడా నాలుగు మాటలు. నేను లెక్కలు చూసే మనిషిని, అందుకే నా చూపు అటే పోతుంది. బ్రెజిల్‌లో చేప గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపితే, చిన్న మత్స్యకారులకు ఆ నెలలకు కనీస వేతనం ఇస్తారు. దాన్ని సెగురో డెఫెసో అంటారు. 1991 నుంచి చట్టంలో ఉంది. ఆలోచన చక్కటిది. అయితే డబ్బు వస్తుందని తెలిశాక జాబితా ఉబ్బింది. ఎన్నడూ వల పట్టనివాళ్లు ఎక్కారు, నిజంగా వేటకు వెళ్లే కొందరు కాగితాలు లేక బయటే ఉండిపోయారు. 2015లో ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని జాతుల వేట విరామాన్నే తాత్కాలికంగా ఎత్తేసింది. అంటే పరిహారం బరువైందని రక్షణనే వదిలేశారు. ఇలాంటి పథకాన్ని రాసేటప్పుడు జాబితా ఎవరు తయారు చేస్తారు, ఎవరు తనిఖీ చేస్తారు అన్నది చేపల శాస్త్రం కన్నా ముందు తేల్చుకోవాలి.

ఉప్పుగాలి

జాబితా మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా అమ్మ రేవులో వేలంపాటలో చేప కొని, కొంత పచ్చిగా అమ్మి, మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెట్టేది. పడవ ఆగిన మర్నాడే ఆమె చేతికి పని ఆగేది. పరిహారం కోసం వెళ్తే ‘నువ్వు వేటకు వెళ్లవు కదా’ అన్నారు. నిజమే, వెళ్లదు. ఆమె ఉప్పు పట్టించేది మాత్రం వేటకు వెళ్లినవాళ్లు తెచ్చిన చేపనే!

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం చిన్నతరహా మత్స్యరంగంలో పనిచేసే ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు స్త్రీలు. వాళ్లలో ఎక్కువమంది ఉండేది ఒడ్డున. లేదా నీరు తీసినప్పుడు దిబ్బల మీద నడుస్తూ ఆల్చిప్పలు, నత్తలు, నాచు ఏరుకుంటూ. మడచెట్టు గారు చెప్పిన మడగాస్కర్‌లో కూడా దిబ్బల మీద కాలినడకన ఆక్టోపస్ పట్టేవాళ్లలో చాలామంది ఆడవాళ్లే. మగవాళ్లు పడవ వేసుకుని దూరం పోగలరు. మూసిన దిబ్బ ఇంటి ముందుదైతే ఆమెకు ఇంకో దిబ్బ ఎక్కడుంది?

తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో 21 దీవులను 1986లో సముద్ర జాతీయ పార్కు చేశారు. తరతరాలుగా ఆ దీవుల చుట్టూ మునిగి నాచు కోసుకునే స్త్రీలు ఒక్కసారిగా చొరబాటుదారులయ్యారు. వాళ్లు ఊరుకోలేదు. సంఘం కట్టుకుని, ఇనుప పనిముట్లతో దిబ్బలను గీకకూడదని, నెలలో కొన్ని రోజులే నీళ్లలోకి దిగాలని తమకు తామే కట్టుబాటు పెట్టుకుని అధికారులతో మాట్లాడారు. 2015లో వాళ్లలో ఒకామెకు అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. నాచు మొదలంటా పీకితే మళ్లీ మొలవదని ఎవరో చెప్తే తెలుసుకునే స్థితిలో వాళ్లెప్పుడూ లేరు.

తీరరేఖ

మడ అడవుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫొటోలు బాగా వచ్చే పథకం కదా, నేనే ఎత్తుతాను.

2004 సునామీ తర్వాత శ్రీలంకలో ఎక్కడ పడితే అక్కడ మడ మొక్కలు నాటారు. తర్వాత 23 చోట్ల పరిశీలిస్తే, 1,000 నుంచి 1,200 హెక్టార్లలో నాటినదానిలో బతికింది సుమారు 200 నుంచి 220 హెక్టార్లు. తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. ఫిలిప్పీన్స్‌లోనూ దశాబ్దాల పాటు ఇదే తంతు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మడ పెరిగే చోట్లు అప్పటికే రొయ్యల, చేపల చెరువులయ్యాయి, వాటికి యజమానులున్నారు. ఎవరి పేరునా లేనిది ఒడ్డు ముందున్న బురద మేట, సముద్రపు గడ్డి నేల. అక్కడ రోజులో ఎక్కువసేపు నీళ్లుంటాయి, మొక్క ఊపిరాడక చస్తుంది. దొరికింది అదే కాబట్టి నాటింది అక్కడే.

ఆ బురద మేట ఎవరిదీ కాదన్నది కాగితం మీద మాట. ఆల్చిప్పలు ఏరేది అక్కడ, చిన్న పడవ లాగేది అక్కడ. కంచె వేసి ‘పునరుద్ధరణ ప్రాంతం’ అని బోర్డు పెడితే అడవీ రాదు, రేవూ ఉండదు.

కుదిరిన చోటు కూడా చెప్పాలి. కెన్యాలోని గాజీ అఖాతంలో మికోకో పమోజా అనే పథకం ఉంది. 2013 నుంచి 117 హెక్టార్ల మడ అడవిని ఊళ్లవాళ్లే కాపాడుతూ, అది పట్టి ఉంచే కార్బన్‌కు క్రెడిట్లు (తమ ఉద్గారాలకు బదులుగా ఇతరులు కొనుక్కునే పత్రాలు) అమ్ముతున్నారు. వచ్చిన డబ్బు మంచినీళ్లకు, బడికి ఖర్చవుతుంది. మొత్తం చిన్నది, ధనవంతులెవరూ కాలేదు. ఎక్కువ భాగం ఉన్న అడవిని కాపాడటమే తప్ప కొత్తది నాటడం కాదు, దేని మీద ఖర్చు పెట్టాలో ఊరు తేల్చుకుంటుంది. నాకు నచ్చింది ఈ రెండే. కార్బన్ మార్కెట్ అనేదాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, అది వేరే గొడవ.

గాలివాటం

వలల్లో చేపతో పాటు ప్లాస్టిక్ కూడా వస్తుంది. దాన్ని ఒడ్డుకు తెస్తే ఏమవుతుందో తెలుసా? ఇటలీలో కొన్నేళ్ల క్రితం దాకా అలా తెచ్చిన మత్స్యకారుడు అనుమతి లేకుండా చెత్త రవాణా చేసినవాడి కింద లెక్క, పైగా దాన్ని వదిలించుకునే ఖర్చూ అతనిదే. సహజంగానే తిరిగి సముద్రంలో పారేసేవారు. 2022లో చట్టం మార్చి, రేవులోనే ఖర్చు లేకుండా అప్పగించే వీలు కల్పించారు. కేరళలో 2017లో కొల్లం దగ్గర నీండకర రేవులో మొదలైన ‘శుచిత్వ సాగరం’ ఇంకా తేలిక: పడవకో సంచి ఇచ్చారు, తెచ్చిన ప్లాస్టిక్‌ను స్త్రీలు వేరు చేస్తారు, ముక్కలు చేసి రోడ్ల పనికి పంపుతారు. పడవవాడు వేట మానుకోనక్కర్లేదు. ఇలాంటివాటికి విరోధం రాదు.

సుడిగాలి

విరోధం రాదు, చేపా పెరగదు. సంచులతో సముద్రం నిండదు.

తెరచాప

నాకు కొరుకుడు పడనిది వేరే ఉంది. అసలు నిర్ణయం ఎవరిది? ఫిలిప్పీన్స్‌లోని అపో ద్వీపంలో 1982 ప్రాంతంలో, సిలిమాన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏంజెల్ అల్కాలా బృందం ప్రోద్బలంతో ద్వీపవాసులే తీరంలో చిన్న ముక్కను వేటకు మూసేశారు. కాపలా వాళ్లదే. చుట్టుపక్కల నీళ్లలో వేట మెరుగైంది, ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకుంది. అంత పేరొచ్చాక 1994లో అది జాతీయ రక్షిత ప్రాంతమైంది, అధికారం పై స్థాయి మండలికి పోయింది. ద్వీపానికి వచ్చే పర్యాటకుల రుసుము కేంద్ర నిధి దారి తిరిగి రావడంలో ఆలస్యాలు మొదలయ్యాయి. బాగా నడిపినందుకు దక్కిన బహుమతి అది!

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులది ఇంకా ఘోరం. అక్కడి జనాన్ని బ్రిటన్ 1968, 1973 మధ్య సైనిక స్థావరం కోసం వెళ్లగొట్టింది. 2010లో ఆ సముద్రాన్ని పెద్ద రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దానివల్ల వాళ్లు తిరిగి రావడం కష్టమవుతుందని అధికారులు మాట్లాడుకున్న సంగతి లీకైన దౌత్య పత్రాల్లో బయటపడింది. 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ ప్రకటన చట్టవిరుద్ధమని తేల్చింది.

మడచెట్టు

చాగోస్‌ను ఇక్కడికి తేవడం న్యాయం కాదు తెరచాప గారూ. అది స్థానిక పథకమే కాదు, సామ్రాజ్యపు లెక్క. దాన్ని చూపిస్తే ప్రతి రక్షిత ప్రాంతమూ కుట్రలాగే కనిపిస్తుంది. అపో ఉదాహరణ మాత్రం సరైనదే. ఒకటి కలుపుతాను: 2011, 2012 డిసెంబరు నెలల్లో వచ్చిన తుపాన్లు ఆ రక్షిత ముక్కలోని పగడాలను దారుణంగా దెబ్బతీశాయి. ముప్పై ఏళ్ల కాపలా తప్పు లేకుండా జరిగినా ప్రకృతి అలా చేయగలదు. అందుకే ఒకే ముక్క మీద ఊరి బతుకంతా కట్టకూడదు.

తెరచాప

పెద్దది కాబట్టి కుట్ర బయటపడింది. చిన్నవాటిలో దౌత్య పత్రాలు ఉండవు. సునామీ తర్వాత శ్రీలంకలో భద్రత పేరుతో దక్షిణ, పశ్చిమ తీరాల్లో 100 మీటర్లు, ఉత్తర, తూర్పు తీరాల్లో 200 మీటర్ల వరకు ఇళ్లు కట్టొద్దన్నారు. అదే ఒడ్డున హోటళ్లకు మినహాయింపులు దొరికాయి. అల హోటల్‌ను చూసి ఆగుతుందా?

లెక్కల పుస్తకం

బంగ్లాదేశ్ గురించి రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఇక్కడ మాట్లాడుకున్నవన్నీ ఒకేచోట కనిపించేది అక్కడ. ఇలిష్ (మనం పులస అనే) చేప కోసం వాళ్లు ఏళ్ల తరబడి కఠిన నియమాలు అమలు చేస్తున్నారు: గుడ్లతో ఉన్న తల్లి చేప కోసం అక్టోబరు ప్రాంతంలో 22 రోజుల నిషేధం, నవంబరు నుంచి జూన్ దాకా పిల్ల చేప మీద నిషేధం. ఇలిష్ ఉత్పత్తి పెరిగింది, దాన్ని కాదనలేం. నిషేధకాలంలో కార్డున్న కుటుంబానికి బియ్యం ఇస్తారు. కార్డు లేని కుటుంబాలు చాలా ఉన్నాయి. బియ్యంతో పూట గడుస్తుంది గాని అప్పు తీరదు. వల, పడవ కోసం వ్యాపారి దగ్గర ముందుగా తీసుకున్న డబ్బును అక్కడ దాదన్ అంటారు. దానికి ప్రతిగా పట్టిన చేప ఆ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. వేట ఆగినా ఆ బాకీ ఆగదు. చేప పెరిగాక వచ్చిన అదనపు లాభం ఎవరి దగ్గర ఆగిందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

తారీఖుల తలనొప్పి వేరే. బంగాళాఖాతంలో వాళ్లు మే 20 నుంచి జులై 23 దాకా 65 రోజులు వేట ఆపేవారు. 2019 నుంచి చిన్న పడవలకూ వర్తించింది. భారత తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. మేం ఒడ్డున కూర్చుంటే పక్క దేశపు ట్రాలర్లు వచ్చి పట్టుకుపోతున్నాయని బంగ్లాదేశ్ మత్స్యకారులు ఏళ్లపాటు మొత్తుకున్నారు. చివరికి 2025లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 వరకు 58 రోజులుగా మార్చారు. చేప పాస్‌పోర్టు చూపించి తిరగదని తెలుసుకోవడానికి అంత కాలం పట్టింది.

ఉప్పుగాలి

దాదన్ లాంటిది పేరు మారి ప్రతి తీరంలోనూ ఉంటుంది. పరిహారం ఎంత అన్నది కాదు, ఏ రోజు చేతికి వస్తుందన్నది అడగండి. నిషేధం ముగిశాక వచ్చే డబ్బు వడ్డీకే పోతుంది.

వలకన్ను

ఇన్ని ఉదాహరణలు చూశాక నాకు అనిపిస్తున్నది ఒకటి రాస్తాను. తీరం చెడటానికి కారణాలు చాలా: పైనుంచి నదిలో కలిసే మురుగు, ఎరువులు, ఇసుక తవ్వకం, రేవు నిర్మాణాలు, పెద్ద ట్రాలర్లు. పథకం మాత్రం ముందుగా చిన్న పడవనే ఆపుతుంది. ఎందుకంటే అది కళ్లెదుట ఉంటుంది, ఆపడం తేలిక, కోర్టుకు పోదు. ఘనాలో 2019లో తొలిసారి చిన్న పడవలకు నెల రోజుల వేట విరామం పెట్టారు. అంతకు ముందేడాది పెట్టబోయి నిరసనలకు వెనక్కి తగ్గారు. పెద్ద ట్రాలర్లు మా చేపను పట్టి మాకే అమ్ముతుంటే మమ్మల్ని ఆపుతారా అన్నది వాళ్ల ప్రశ్న. సుడిగాలి గారూ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చేదు మందు తాగమంటే ఎవరూ తాగరు.

దీన్ని తలకిందులు చేసినవాళ్లు జపాన్‌లో ఉన్నారు. కెసెన్నుమా అఖాతంలో ఎర్రనీరు (సూక్ష్మ నాచు విపరీతంగా పెరిగి నీటి రంగు మారడం) వచ్చి ఆయిస్టర్ (తినే ఆల్చిప్ప) పెంపకం దెబ్బతిన్నాక, హతకెయామా షిగెయత్సు అనే ఆయిస్టర్ రైతు కారణం వెతుక్కుంటూ నది వెంబడి పైకి నడిచాడు. 1989 నుంచి తోటి మత్స్యకారులను వెంటబెట్టుకుని కొండల మీద చెట్లు నాటడం మొదలుపెట్టాడు. నది ఒడ్డు ఊళ్ల రైతులు, బడిపిల్లలు కలిశారు. కొండను, పొలాన్ని కూడా లెక్కలోకి తెచ్చిన పథకం అది, అదీ సముద్రం మీద బతికేవాడు మొదలుపెట్టింది.

సుడిగాలి

ట్రాలర్ల మాటకు నేను అడ్డు రాను. ముందు వాటినే ఆపండి. ఆ తర్వాతైనా చిన్న పడవలకూ కొంత కట్టుబాటు కావాలి, వందల పడవలు కలిస్తే చిన్నవేమీ కావు. అక్కడ మాత్రం నేను తగ్గను.

ఒడ్డుమనిషి

అందరికీ నమస్కారం. మేముండే తీరంలో కొంత భాగాన్ని రక్షిత ప్రాంతం చేస్తామని, బదులుగా కృత్రిమ దిబ్బలు (చేప చేరేలా సముద్రం అడుగున వేసే కట్టడాలు) వేస్తామని ప్రతిపాదన వచ్చింది. వచ్చే వారం సభ. మావాళ్ల తరఫున నేను మాట్లాడాలి. ఏం అడగమంటారు?

మడచెట్టు

కృత్రిమ దిబ్బ గురించి ముందు ఇది అడగండి: అక్కడ కనబడే చేప కొత్తగా పుట్టిందా, పక్క నీళ్ల నుంచి వచ్చి చేరిందా? చేరినదైతే, దాన్ని ఒకేచోట దొరికేలా చేసి మరింత తొందరగా ఖాళీ చేసినట్టే. దేనితో చేస్తారో కూడా అడగండి. ఫ్లోరిడాలో 1970లలో దిబ్బ పేరుతో సుమారు 20 లక్షల పాత టైర్లు సముద్రంలో వేశారు. కట్లు తెగి అవి కొట్టుకుపోయి పక్కనున్న నిజమైన పగడాలను రాసి చంపాయి. ఇప్పటికీ ఏరుతున్నారు. ఇంకొకటి, దిబ్బ వేసిన చోట లాగుడు వల వేయలేరు, చిక్కుకుని చిరుగుతుంది. మీలో ఎవరెవరు ఏ వల వాడతారో ముందు లెక్క తీయండి.

లెక్కల పుస్తకం

సరిహద్దుల మ్యాపు సభకు ముందే చేతికి ఇమ్మనండి. రోజూ ఎక్కడెక్కడ వల వేస్తారో మీవాళ్ల చేతే దాని మీద గీయించండి. ఇవాళ ఎంత పడుతోందో రేపటి నుంచే ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టండి, వల రకం, గంటలు, చేప జాతి, బరువు. మూడేళ్ల తర్వాత ‘చేప పెరిగింది’ అని ఎవరైనా అంటే దేనితో పోల్చాలో మీ దగ్గర ఉండాలి. వాళ్ల లెక్క ఒక్కటే ఉంటే అదే చరిత్ర అవుతుంది. పనిచేయకపోతే ఎన్నేళ్లకు సమీక్షిస్తారు, ఎత్తేసే అధికారం ఎవరిది అన్నది రాతపూర్వకంగా అడగండి.

ఉప్పుగాలి

సభ ఎన్ని గంటలకు పెట్టారు?

ఒడ్డుమనిషి

ఉదయం తొమ్మిదికి.

ఉప్పుగాలి

వేలంపాట వేళ అది. చేప కొనే ఆడవాళ్లు ఒక్కరూ రారు. ఆ తర్వాత ‘అందరినీ అడిగాం’ అని రాసుకుంటారు. సాయంత్రానికి మార్చమనండి, కుదరదంటే రేవులోనే పెట్టమనండి. హాజరు కాగితంలో ఆడవాళ్ల సంతకాలు విడిగా ఉండాలని కూడా చెప్పండి.

ఒడ్డుమనిషి

ఫోను చేశాను. సాయంత్రం అయిదుకు మార్చడానికి ఒప్పుకున్నారు. మ్యాపు మాత్రం సభలోనే చూపిస్తాం అంటున్నారు. రేపు నలుగురం కలిసి ఆఫీసుకే వెళ్లి అడుగుతాం.